బురద నేల మీద పాలకుల సంతకాలు

కృష్ణమ్మ సముద్రంలో కలిసే ముందు చేతులు చాపి పరుచుకున్న పల్లపు నేల మనది. తెనాలి దగ్గర మొదలైన వరి చేలు రేపల్లె దాటేసరికి ఉప్పు పర్రలవుతాయి, నిజాంపట్నం చేరేసరికి మడ అడవులవుతాయి. బాపట్ల వైపు తిరిగితే ఇసుక దిబ్బలు, వాటి మధ్య నీటి మడుగులు. ఈ నేలను తడిగా ఉంచాలా, ఎండబెట్టాలా, తవ్వాలా, పూడ్చాలా అన్నది ఎక్కువసార్లు తేల్చింది కాగితమే. శాసనం, కైఫియత్తు, చట్టం, జీవో, ఉత్తరం... రూపం ఏదైనా ప్రతిదాని వెనక ఒక పాలకుడో, ప్రజా నాయకుడో కనిపిస్తాడు. మన డెల్టాలోనూ, ఆ పక్కనే ఉన్న కొల్లేరులోనూ ఆ కాగితాలు చెప్పే విశేషాలు ఇవి.

నెత్తురంటిన సరస్సు

కొల్లేరు ప్రస్తావన ఉన్న పాత రాతల్లో ఒకటి కర్ణాటకలోని ఐహోళె కొండ మీద ఉంది. బాదామి చాళుక్య రాజు రెండో పులకేశి విజయాలను రవికీర్తి అనే కవి సంస్కృతంలో రాసి, మేగుటి జైన దేవాలయం గోడకు చెక్కించాడు. శక సంవత్సరం 556, అంటే క్రీ.శ. 634-35. పిష్టపురం కోట, అంటే మన పిఠాపురం, పులకేశి వశమైన సంగతి చెప్పాక, కునాల సరస్సు నీళ్లు యుద్ధంలో పడినవారి నెత్తుటితో రంగు మారాయని కవి వర్ణించాడు. ఈ శాసనాన్ని పరిష్కరించిన కీల్‌హార్న్ పండితుడు ఆ కునాల మన కొల్లేరేనని గుర్తించాడు. ఆ యుద్ధం తర్వాతే పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు వేంగిలో పాలన మొదలుపెట్టాడు, తూర్పు చాళుక్యుల వంశం నిలబడింది. తెలుగు నేల రాజకీయాన్ని మలుపు తిప్పిన పోరు ఒక చిత్తడి ఒడ్డున జరిగిందన్నమాట.

రెండు స్తూపాలు, రెండు నీటి పనులు

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే దారిలో భట్టిప్రోలు వస్తుంది. అక్కడి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపినప్పుడు ధాతువుల భరిణెలు దొరికాయి. వాటి మీది బ్రాహ్మీ రాతల్లో కుబేరకుడనే రాజు పేరుంది. క్రీస్తుకు రెండు మూడు శతాబ్దాల ముందటి మాట అది. డెల్టా పల్లంలో పేరు తెలిసిన అతి పాత పాలకుల్లో ఆయన ఒకడు.

అయితే పురావస్తు శాఖ పలుగు దిగకముందే పబ్లిక్ వర్క్స్ శాఖ పలుగు దిగింది. స్తూపం ఇటుకలు రోడ్డు పనికి పోయాయి. పాలరాతి పలకలు పక్కనే ఉన్న వెల్లటూరు దగ్గర కాలువ తూము కట్టడానికి పోయాయి. ఈ సంగతిని దాచకుండా రాసిపెట్టినవి ఆనాటి పురావస్తు నివేదికలే.

అమరావతిలోనూ ఇలాంటిదే జరిగింది. 1790ల చివర్లో సర్వే అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ అక్కడి స్తూపపు దిబ్బను మొదటిసారి చూశాడు. అప్పటికి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కడుతున్నాడు. 1816లో మెకంజీ మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడిబొడ్డున కోనేరు తవ్వి ఉంది. ఆయన మనుషులు గీసిన పటాల్లో స్తూపం మధ్యన ఆ కోనేరు కనిపిస్తుంది. జమీందారు ఉద్దేశం ఊరికి నీళ్లివ్వడమే. మహాస్తూపం ఆకారం మాత్రం కాగితం మీదే మిగిలింది.

ఇంగ్లీషు ఓడ ఆగిన పెటపోలి

నిజాంపట్నాన్ని పాత యూరోపియన్ రాతల్లో పెటపోలి అన్నారు. డచ్చివాళ్లు ముందే వచ్చి కొట్టు పెట్టుకున్నారు. 1611 ఆగస్టులో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ ఇక్కడికి చేరింది. పులికాట్‌లో డచ్చివాళ్లు అడ్డుపడటంతో అది పైకొచ్చింది. ఓడలో ఉన్న పీటర్ ఫ్లోరిస్ దినచర్య రాసుకున్నాడు. దాన్ని 1934లో లండన్‌లో హక్లుయిట్ సొసైటీ అచ్చు వేసింది. అప్పుడు ఈ తీరం గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా ఏలుబడిలో ఉంది. హైదరాబాదు నగరాన్ని కట్టించింది ఆయనే.

ఇంతమందిని ఈ బురద తీరానికి రప్పించింది అద్దకం. ఇక్కడి ఇసుక లంకల్లో పెరిగే చిరివేరు నుంచి వచ్చే ఎరుపుకు సాటి లేదని కంపెనీ వర్తకుల రాతలు చెబుతాయి. పంటకు పనికిరాని నేల అని ఈనాటి రికార్డు కొట్టిపారేసే ఇసుక పర్రలే ఒకనాడు గోల్కొండ ఖజానాకు రాబడి తెచ్చాయి.

కరణాల చేత రాయించిన చరిత్ర

గ్రామ కైఫియత్తులు మన ఊళ్ల ఆత్మకథలు. మెకంజీ కోసం కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరులు, వారి కింది గుమాస్తాలు ఊరూరా తిరిగి కరణాల దగ్గరి దండకవిలెలు నకలు రాయించారు. ఊరు ఎవరు కట్టించారు, గుడికి ఎవరు ఎంత మాన్యం ఇచ్చారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ జమీందారు తర్వాత ఎవరు వచ్చారు అన్నవి వాటిలో ఉంటాయి. గుంటూరు ప్రాంతపు కైఫియత్తులను రాష్ట్ర పురాభిలేఖ శాఖ తెలుగులోనే అచ్చు వేసింది. ఊరి చెరువు పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలనుకునే వాళ్లు మొదట తెరవాల్సిన పుస్తకాలవి.

కరువు తర్వాత కట్ట

1832-33 నందన నామ సంవత్సరం. గుంటూరు సీమ ఎన్నడూ చూడని కరువు. ఐదు లక్షల జనాభాలో రెండు లక్షల మంది పోయారని ఆనాటి అంచనా. డొక్కలు బయటపడ్డ మనుషుల్ని చూసి దాన్ని డొక్కల కరువు అన్నారు. పక్కనే కృష్ణ పారుతోంది, నీళ్లు సముద్రం పాలవుతున్నాయి. ఇరవై ఏళ్ల తర్వాత గానీ బెజవాడ దగ్గర ఆనకట్ట రాలేదు. ఆర్థర్ కాటన్ పట్టుదల మీద, కెప్టెన్ ఛార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1852లో పని మొదలై 1855లో పూర్తయింది.

ఆనకట్టతో పాటు తెనాలి బతుకూ మారింది. తూర్పు కాలువ, పడమటి కాలువ, నిజాంపట్నం కాలువ మూడూ ఈ పట్నం గుండానే పోతాయి. కృష్ణా పశ్చిమ డెల్టా ఆయకట్టు ఇప్పుడు 5.71 లక్షల ఎకరాలు. తూర్పు డెల్టా కూడా కలిపితే 13.08 లక్షలు.

గవర్నరు పేరున్న కాలువ

దుగ్గిరాల వైపు నుంచి వచ్చే కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువలో కలుస్తుంది. తీరం వెంట పల్లాలనూ ఉప్పుటేరులనూ కలుపుతూ మద్రాసు దాటి పోయే దారి అది. 1876-78 మహా కరువులో మద్రాసు నగరంలో కూవం, అడయారు నదుల మధ్య ముక్కను కరువు పనిగా తవ్వించారు. అప్పటి మద్రాసు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం. ఆయన పేరే కాలువ మొత్తానికి స్థిరపడింది. తట్టలు మోసిన కూలీల పేర్లు ఏ ఫలకం మీదా లేవు.

2008లో నాలుగో జాతీయ జలమార్గం ప్రకటించినప్పుడు 113 కిలోమీటర్ల కొమ్మమూరు కాలువ కూడా అందులో చేరింది.

ఆంధ్రకేసరి పేరు, డెబ్బై గేట్లు

1952లో పాత ఆనకట్టకు గండి పడింది. కొత్త బ్యారేజి పని 1954లో మొదలై 1957లో పూర్తయింది. 70 ఖానాల ఈ కట్టడానికి ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. 1953 అక్టోబరు 1 నుంచి 1954 నవంబరు దాకా ఆయన ముఖ్యమంత్రి. 1957 మే 20న కన్నుమూశారు. అదే ఏడాది చివర్లో బ్యారేజి మీద రాకపోకలు మొదలయ్యాయి. ఆయన పుట్టిన వినోదరాయునిపాలెం బ్యారేజి కట్టే నాటికి గుంటూరు జిల్లాలోదే.

నీళ్లు రావడం సగం, పోవడం సగం

డెల్టా గురించి ఎక్కువ మంది ఎరగని చట్టం ఒకటుంది: 1968 నాటి కృష్ణా, గోదావరి డెల్టా ప్రాంత డ్రైనేజి సెస్సు చట్టం. అప్పుడు ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి, నరసరావుపేట ప్రాంతం మనిషి.

చట్టం ఎందుకొచ్చిందో తెలియాలంటే వానాకాలంలో రేపల్లె వైపు ఓ చేను గట్టు మీద నిలబడాలి. ఎగువన కాలువ నీళ్లిస్తుంది. చేలో మిగిలిన నీరు బోదెలోకి, బోదె నుంచి మురుగు కాలువలోకి, అక్కడి నుంచి సముద్రంలోకి పోవాలి. కానీ నేల వాలు బహు తక్కువ. సముద్రం పోటు మీదుంటే మురుగు కాలువ నోట్లోంచి ఉప్పునీరే వెనక్కి ఎక్కుతుంది. దానికి తోడు గుర్రపుడెక్క అల్లుకుంటే చుక్క నీరు కదలదు. నాలుగు రోజులు నీళ్లలో ఉంటే వరి దుబ్బు కుళ్లిపోతుంది. రేపల్లె డ్రెయిన్, భట్టిప్రోలు డ్రెయిన్, తుంగభద్ర డ్రెయిన్, నల్లమడ, పేరలి, రొంపేరు... ఈ పేర్లు వినగానే ఇక్కడి రైతుకు గుర్తుకొచ్చేది మునకే.

1960ల్లో ఈ సమస్య మీద ఎ.సి. మిత్రా అధ్యక్షతన నిపుణుల కమిటీ వేశారు. మురుగు కాలువల బాగుకు డబ్బు కావాలి కాబట్టి డెల్టా భూముల మీద సెస్సు వేశారు. 1985లో పెన్నా డెల్టాను కూడా చేర్చి మళ్లీ చట్టం చేశారు. సాగునీటి కాలువలు కట్టించిన వాళ్లకు విగ్రహాలున్నాయి. మురుగు కాలువల చరిత్ర మాత్రం చట్టాల పుస్తకాల్లోనే పడి ఉంది. పంటను నిలబెట్టడంలో రెండో దాని పాలు మొదటి దానికి ఏమాత్రం తీసిపోదు.

రంగా గారి పేరున్న విద్యాలయం, బాపట్ల దొరువు

రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా పుట్టింది తెనాలి-బాపట్ల రైలు దారిలో ఉన్న నిడుబ్రోలులో, 1900లో. 1957లో తెనాలి నుంచే లోక్‌సభకు గెలిచారు. ఆయన పేరున్న వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద పనిచేసే బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నాటిది. సాంబ మసూరి బియ్యం తినని తెలుగు ఇల్లు అరుదు. ఆ వంగడం అసలు పేరు బీపీటీ 5204. ఆ మూడక్షరాలూ బాపట్లవే. 1986లో విడుదలైంది.

బాపట్లలో ఉప్పునేలల మీద, ఉప్పునీటి వాడకం మీద పరిశోధించే కేంద్రం కూడా ఉంది. వాళ్ల పరిశోధనకు దారి చూపింది ఇక్కడి రైతుల దొరువు. తీరం ఇసుకలో కురిసిన వాన ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పలచటి పొరగా తేలి నిలుస్తుంది. తీపి నీరు తేలిక, ఉప్పునీరు బరువు. లోతుగా బోరు వేస్తే ఉప్పునీరే పైకొస్తుంది. అందుకని రైతు మనిషి లోతులో వెడల్పాటి గుంట తవ్వి, ఏటవాలు గోడల మీదుగా కిందికి దిగి, రెండు చేతులా కుండలు ముంచుకుని పైకొచ్చి మొక్క మొక్కకూ పోస్తాడు. తోడిన కొద్దీ ఇసుకలోంచి నీరు మెల్లగా ఊరుతుంది, తొందరపడితే ఉప్పెక్కుతుంది. కేంద్రం శాస్త్రవేత్తలు ఈ పద్ధతినే మెరుగుపరిచారు. చిల్లులున్న గొట్టాలను ఇసుకలో అడ్డంగా పాతి, అవి పట్టిన పైపొర నీటిని ఒక బావిలోకి చేర్చి, కొంచెం కొంచెంగా తోడే ఏర్పాటు చేశారు. గుంట కింద పోయే నేల సాగుకు మిగిలింది, కుండల మోత తప్పింది. ఇక్కడి ఉప్పునీటికి ఇక్కడి రైతే ముందు జవాబు కనిపెట్టాడు. పరిశోధన దాన్ని పెద్దది చేసింది.

ప్రధాని ఉత్తరం, మడ అడవి

1981 నవంబరులో ప్రధాని ఇందిరా గాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు ఒక ఉత్తరం రాశారు. పోటు గీత నుంచి 500 మీటర్ల వరకు తీరాన్ని కట్టడాలు లేకుండా కాపాడాలన్నది అందులోని సారం. పదేళ్ల తర్వాత, 1991 ఫిబ్రవరి 19న వచ్చిన తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్‌కు ఆ ఉత్తరమే బీజం. ఆ 500 మీటర్ల లెక్క నోటిఫికేషన్‌లోకి కూడా ఎక్కింది. మడ అడవులను అత్యంత సున్నిత మండలంలో చేర్చింది ఆ నోటిఫికేషనే.

మనకు దాని విలువ నిజాంపట్నం, అడవులదీవి, లంకెవానిదిబ్బ వైపు వెళ్తే తెలుస్తుంది. 194.81 చదరపు కిలోమీటర్ల కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం 1989 నాటిది. నదికి రెండు వైపులా ఉంది, రేపల్లె వైపు మడలూ అందులోవే. మడ చెట్టు వేళ్లు బురదలోంచి పైకి మేకుల్లా పొడుచుకొచ్చి గాలి పీలుస్తాయి. కొన్ని జాతుల గింజ చెట్టు మీదే మొలకెత్తి, సిద్ధంగా ఉన్న మొక్కగా బురదలోకి జారుతుంది. ఆ వేళ్ల మధ్య రొయ్య పిల్లలు, పీతలు పెరుగుతాయి. వాటి కోసం వచ్చే చేపల కోసం బావురు పిల్లి కాపు కాస్తుంది. పిల్లి జాతిలో ఈత కొట్టి, నీళ్లలో చేపను పట్టడంలో ఆరితేరినది ఇది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ముంచి దాదాపు పది వేల మందిని బలిగొన్నది. మడలు ఉప్పెన జోరుకు అడ్డుకట్ట వేస్తాయన్న సంగతి అప్పటి నుంచీ తీరం వాళ్లు మరిచిపోలేదు.

సర్వోదయ నాయకుడి వ్యాజ్యం

1990ల్లో రొయ్యల చెరువులు తీరమంతా కమ్ముకున్నాయి. తమిళనాడులో భూదానోద్యమంలో పనిచేసిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1996 డిసెంబరు 11న వచ్చిన తీర్పు, సంప్రదాయ పద్ధతులను మినహాయించి, తీర నియంత్రణ మండలంలో రొయ్యల సాగును కట్టడి చేసింది. పులికాట్, చిల్కా సరస్సులకు వెయ్యి మీటర్ల లోపల కూడా వద్దంది. తర్వాత 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి సాగుకు రిజిస్ట్రేషన్ పద్ధతి తెచ్చింది. పదవి లేని ఒక గాంధేయవాది పేరు రేపల్లె రొయ్యల రైతు దాకా తెలిసింది ఈ వ్యాజ్యం వల్లే.

ఒకే సరస్సు, నలుగురు ముఖ్యమంత్రుల కాలం

కొల్లేరు మీద పుట్టినన్ని ప్రభుత్వ కాగితాలు తెలుగు నేల మీద మరే చిత్తడి మీదా పుట్టి ఉండవు. వరసగా చూస్తే కథ తెలుస్తుంది.

జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న 1970ల మధ్యలో మత్స్యకారుల, పేదల సహకార సంఘాలకు సరస్సు నేలలో చేపల చెరువులకు భూములిచ్చారు. ఉద్దేశం పేదల బతుకుతెరువు. కాలం గడిచేకొద్దీ చెరువులు పెద్ద పెట్టుబడిదారుల చేతుల్లోకి మారాయి, గట్లు పెరిగాయి, సరస్సు కుంచించుకుపోయింది.

చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉండగా, 1999 అక్టోబరు 4న జీవో నంబరు 120 వచ్చింది. సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత వరకు, 308 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, వన్యప్రాణి అభయారణ్యం అయింది. 2002 ఆగస్టు 19న 90,100 హెక్టార్ల కొల్లేరు చిత్తడి ప్రాంతం అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది.

వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో 2006లో ఆపరేషన్ కొల్లేరు జరిగింది. సుప్రీంకోర్టు సాధికార కమిటీ పర్యవేక్షణలో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లను యంత్రాలతో, పేలుడు పదార్థాలతో తెంచేశారు. అదే ప్రభుత్వ కాలంలో, 2008లో, అభయారణ్యం సరిహద్దును ఐదో కాంటూరు, అంటే ఐదు అడుగుల గీత, నుంచి మూడో కాంటూరుకు తగ్గించాలని శాసనసభ తీర్మానం చేసింది. గట్లు తెగాక జీవనాధారం పోయిన కుటుంబాల ఒత్తిడి ఆ తీర్మానం వెనక ఉంది.

రోశయ్య ముఖ్యమంత్రిగా ఉన్న 2010లో కేంద్ర పర్యావరణ శాఖ ఆ కోరిక మీద పి.ఎ. అజీజ్ నాయకత్వాన కమిటీ వేసింది. సరిహద్దు తగ్గించడానికి కమిటీ ఒప్పుకోలేదు. సరస్సుకు నీరు ఎంత కావాలో, అందులో ఎవరి పట్టా భూములు ఉన్నాయో విడివిడిగా చూడాలంది.

ఈ కాగితాలన్నిటిలో ఏ ఒక్కటీ పూర్తిగా తప్పు కాదు, ఏ ఒక్కటీ పూర్తిగా ఒప్పు కాదు. ప్రతి సంతకం అప్పటి ఒత్తిడికి జవాబు. కానీ బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే వరదను మోసి, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రంలోకి వదిలే పని సరస్సు తప్ప మరెవరూ చేయలేరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడ వీధుల్లోకి వచ్చినప్పుడు ఈ పాత జీవోలన్నీ మళ్లీ చర్చకు వచ్చాయి.

వేమూరు బిడ్డ ముందు వరద

కొణిజేటి రోశయ్య 1933లో పుట్టింది తెనాలి పక్కన వేమూరులో. 2009 సెప్టెంబరు 3న ముఖ్యమంత్రి అయ్యారు. సరిగ్గా నెల తిరిగేసరికి, అక్టోబరు 5న, ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణ 11.10 లక్షల క్యూసెక్కులతో పొంగింది. లంకలు మునిగాయి. భట్టిప్రోలు మండలం ఓలేరు దగ్గర కరకట్టకు గండి పడి రేపల్లె వైపు పల్లెల్లోకి నీరు చేరింది. ఆయన పుట్టి పెరిగిన నేలే నీళ్లలో ఉంది. ఆ రికార్డును 2024 సెప్టెంబరు 2న వచ్చిన 11.43 లక్షల క్యూసెక్కులు దాటేశాయి. ఈ అంకెలను ఏ రోజుకారోజు రాసిపెట్టే బ్యారేజి రిజిస్టరు కూడా పెద్ద చారిత్రక దస్తావేజే. కరకట్ట ఎంత ఎత్తు ఉండాలో చెప్పేది ఆ అంకెలే.

వాషింగ్టన్ చిత్తడి, ముసోలిని చిత్తడి

చిత్తడి మీద పాలకుల కన్ను పడటం మన దగ్గరే కాదు. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ ఆ పదవికి చాలా ముందు, 1763లో, వర్జీనియాలోని డిస్మల్ స్వాంప్ అనే మహా చిత్తడిని చూసి, భాగస్తులతో కలిసి దాన్ని ఎండబెట్టే కంపెనీ పెట్టాడు. 40 వేల ఎకరాలు చేతికొచ్చాయి. బానిసల చేత కాలువ తవ్వించారు. చిత్తడి ఎండలేదు. చివరికి కలప కొట్టుకోవడమే మిగిలింది. వాషింగ్టన్ దినచర్యల్లో, ఉత్తరాల్లో ఈ వ్యవహారమంతా భద్రంగా ఉంది. 1974లో ఆ చిత్తడి వన్యప్రాణి ఆశ్రయమైంది.

ఇటలీలో ముసోలిని 1930ల్లో రోము దగ్గర పాంటైన్ చిత్తడులను ఎండగట్టి, 1932లో లిట్టోరియా పట్నం కట్టించాడు. ఇప్పుడు దాని పేరు లాటినా. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సేనలు ఆ నేలను మళ్లీ నీటితో ముంచాయి.

2,01,503

2017 నాటికి ఉపగ్రహ చిత్రాల సాయంతో దేశంలో గుర్తించిన, 2.25 హెక్టార్ల కంటే పెద్దవైన చిత్తడి నేలల సంఖ్య ఇది. సుమారు అయిదున్నర ఎకరాలు దాటిన ప్రతి నీటి పట్టూ లెక్కలోకి వచ్చింది. 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వీటన్నిటినీ చిత్తడి నేలల నిబంధనల ప్రకారం కాపాడాలని ఆదేశించింది. అదే ఏడాది కొత్త నిబంధనలూ వచ్చాయి. గుంటూరు పక్కన ఉప్పలపాడులో ఒక ఊరి చెరువు మీదే గూడబాతులూ కొంగలూ వేల సంఖ్యలో గూళ్లు కడుతున్నాయి. చిన్న చెరువు కదా అని తీసేయడానికి లేదు.

మీ ఊరి పుటలో ఏముంది?

ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఒక ఆర్.ఎస్.ఆర్. ఉంటుంది. పాత సెట్టిల్‌మెంటు రిజిస్టరన్నమాట. ఇంగ్లీషు, తెలుగు రెండూ పక్కపక్కన ఉంటే డైగ్లాట్ అంటారు. పెద్ద పుస్తకం, అట్ట ఊడిపోయి, అంచులు చెదలు తిని ఉంటుంది. ఒక్కో వరసలో సర్వే నంబరు, సర్కారుదో రైతువారీదో, మెట్టో తరో, నీటి వనరు ఏదో, ఎకరాలు సెంట్లు, శిస్తు, పట్టాదారు పేరు, చివర రిమార్కుల గడి. చిత్తడి నేలల ఆయువుపట్టు ఆ చివరి గడిలోనే ఉంది. ‘చెరువు పోరంబోకు’, ‘వాగు పోరంబోకు’, ‘డొంక’, ‘ఉప్పు కొటారు’ అని ఎర్ర సిరాతోనో నల్ల సిరాతోనో రాసి ఉంటుంది. ఈ రోజు అక్కడ లేఅవుటు రాళ్లు ఉన్నా, ఆ ఒక్క మాట ఆధారంగా నేలను నిషిద్ధ భూముల జాబితాలో పెట్టొచ్చు, రిజిస్ట్రేషన్ ఆపొచ్చు.

2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. రేపల్లె, వేమూరు, బాపట్ల కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. అంతకు ముందు 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇవన్నీ కృష్ణా జిల్లా నుంచి విడివడ్డాయి. కాబట్టి ఒకే మురుగు కాలువ తాలూకు కాగితాలు ఒకే చోట ఉండవు. గుంటూరు, బాపట్ల, మచిలీపట్నం కలెక్టరేట్లలోనూ, రాష్ట్ర పురాభిలేఖ శాఖలోనూ, చెన్నైలోనూ చెదిరి ఉంటాయి. వీటిని పక్కపక్కన పెట్టి ఒక డిజిటల్ జాబితా చేయడం ఏ ప్రభుత్వానికైనా పెద్ద ఖర్చు కాదు. చేస్తే తరతరాలకు మేలు.

అంతవరకూ మన చేతిలో ఉన్న పని ఒకటుంది. మీ తహసీల్దారు కార్యాలయంలో మీ ఊరి ఆర్.ఎస్.ఆర్. నకలు అడగండి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. అందులోని చెరువులు, వాగులు, పర్రల సర్వే నంబర్లను మీభూమి వెబ్‌సైట్‌లోని అడంగల్‌తో సరిచూసి, తేడా ఉన్న ప్రతి నంబరునూ గ్రామసభలో పేరుపేరునా చదివించి మినిట్స్ పుస్తకంలో రాయించండి. పులకేశి నుంచి ఈనాటి ముఖ్యమంత్రుల దాకా పాలకులు రాయించినదే ఇప్పటిదాకా చిత్తడి చరిత్ర. అక్కడి నుంచి మొదలయ్యే కాగితం మీద సంతకం ఊరి జనానిది.